నాలుగో చెమట

మా అమ్మమ్మ వాళ్లది గుంటూరు బ్రాడీపేట. చిన్నప్పుడు ధనుర్మాసంలో అక్కడుంటే తెల్లవారుజామున ఐదింటికే లేపి వాకిట్లో ముగ్గు వేయమనేవాళ్లు. చలికి శాలువా కప్పుకునే కూర్చునేదాన్ని. పిండి పట్టుకున్న కుడి చేతిలో మాత్రం నీళ్లు ఊరుతుండేవి. బియ్యప్పిండి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి సన్నటి ధారగా జారితేనే గీత వస్తుంది. నా వేళ్ల మధ్య అది ముద్ద కట్టేది. ఒకచోట ఉండలా పడేది, తర్వాత జానెడు మేర అసలేమీ పడేది కాదు. అమ్మమ్మ నా చెయ్యి వెల్లకిలా తిప్పి చూసి, "దీని చేతిలో ఊటబావి ఉందే" అనేది. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేదాన్ని. లంగాకు చేతులు తుడుచుకుని మళ్లీ పిండి తీసుకునేదాన్ని.

అప్పుడు ఎండ లేదు, ఉక్క లేదు, పరీక్షలు లేవు. ఆ వాకిట్లో నన్ను భయపెట్టేవాళ్లూ ఎవరూ లేరు. మరి ఆ చెమట ఎక్కడిది?

తెలుగులో చెమటకు మాటల కరువేమీ లేదు. ఉక్కపోతకు ఒళ్లు తడవడం ఒకటి. పొలంలోనో మిర్చి యార్డులోనో చెమటోడ్చడం ఒకటి. ఇంటర్వ్యూ గది బయట కూర్చున్నప్పుడు ముచ్చెమటలు పట్టడం ఇంకొకటి. ఎండకు, శ్రమకు, భయానికి విడివిడిగా మాటలున్నాయి. ఏ కారణమూ కనిపించకుండా అరచేతులు, అరికాళ్లు, చంకలు, ఒక్కోసారి ముఖం కారిపోయే నాలుగో చెమటకు మాత్రం ఇంట్లో వాడే మాట లేదు. డాక్టర్లు హైపర్‌హైడ్రోసిస్ అంటారు. పేరు లేకపోవడం వల్లేనేమో, దాన్ని తీసుకెళ్లి మిగతా వాటిలో ఒకదానిలో కలిపేస్తారు. "విజయవాడలో ఉంటూ చెమట పడుతోందంటావేంటి" అని ఒకరు, "అంత టెన్షన్ ఎందుకు నీకు" అని ఇంకొకరు. ఇది డాక్టరుకు చెప్పాల్సిన విషయమని నాకు తట్టడానికి 31 ఏళ్లు పట్టింది.

ముందు మామూలు చెమట సంగతి చూద్దాం. మన చర్మంలో 20 నుంచి 40 లక్షల స్వేద గ్రంథులుంటాయి. వాటిలో ఎక్కువ భాగం ఎక్రైన్ రకం. ఇవి పోసేది దాదాపు అంతా నీళ్లే, కాస్త ఉప్పు. అపోక్రైన్ అనే రెండో రకం చంకల్లో, గజ్జల్లో ఉండి యుక్తవయసులో పనిలోకి దిగుతుంది. దాని చిక్కటి స్రావాన్ని చర్మం మీది బ్యాక్టీరియా తింటేనే ఆ వాసన. అప్పుడే పుట్టిన చెమటకు వాసనుండదు. కాబట్టి ఎక్కువ చెమట పట్టడం, ఎక్కువ వాసన రావడం ఒకే సమస్య కాకపోవచ్చు.

ఎప్పుడు చెమట పొయ్యాలో చెప్పేది మెదడులోని హైపోథాలమస్. రక్తం వేడెక్కిందని పసిగట్టగానే అది సింపథెటిక్ నరాల ద్వారా కబురు పంపుతుంది. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై గ్రంథిని తడుతుంది, గ్రంథి చెమట పోస్తుంది. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి. పురుగుమందు దగ్గరా, మందుబిళ్ల దగ్గరా మళ్లీ ఎదురవుతుంది.

చెమట కారినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరాలి. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. కుండ గోడల్లోంచి చెమ్మ బయటికొచ్చి ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. పల్నాడులో రెంటచింతల వైపు పొడి ఎండలో చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు మిగులుతాయి. విజయవాడలో ఎండ అంతకంటే నాలుగైదు డిగ్రీలు తక్కువున్న రోజు కూడా నరకం కనిపిస్తుంది. ఇటు కృష్ణ, అటు సముద్రం మీంచి వచ్చే గాలి. తేమతో నిండిన గాలి ఇంకో చుక్కను ఎక్కడ పెట్టుకుంటుంది? చెమట ఆరకుండా కారుతుంది. ఒళ్లు చల్లబడలేదు కాబట్టి మెదడు ఇంకా పొయ్యమంటుంది. రోహిణి కార్తెలో కాళేశ్వరరావు మార్కెట్‌లో కూరగాయలు కొని బయటికొచ్చేసరికి జాకెట్టు పిండుకునేలా ఉంటే అది బ్లేజ్‌వాడ మహిమే. డాక్టరు అక్కర్లేదు, నీడ, ఫ్యాను, ఉప్పేసిన మజ్జిగ చాలు.

గుంటూరుకు ఇంకో ప్రత్యేకమైన చెమట ఉంది. వేడన్నంలో కారం గట్టిగా పడితే ముక్కు మీద, పైపెదవి మీద, నుదుటన చుక్కలు లేస్తాయి కదా, అది. నోట్లో, చర్మంలో దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడిని పసిగట్టే ఒక ద్వారముంది, పేరు టీఆర్‌పీవీ1. మిరపలోని క్యాప్సైసిన్ సరిగ్గా ఆ ద్వారాన్నే తెరుస్తుంది. 1997లో ఈ గుట్టు విప్పిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. నోట్లో ఉన్నది గుంటూరు సన్నమో, మే నెల మిట్టమధ్యాహ్నమో మెదడుకు తేడా తెలియదు. రెండింటికీ చెమటే జవాబు. ఇది అందరికీ ఉండేదే. కారం లేని అన్నం తిన్నా, ఇడ్లీ తిన్నా తలా మెడా తడిసిపోతుంటే మాత్రం ఆలోచించాలి. ఏళ్ల తరబడి అదుపులో లేని షుగరు నరాలను దెబ్బతీసినప్పుడు అలా అవుతుంది.

అరచేయి, అరికాలు దారి వేరు. వాటి గ్రంథులు ఎండ మాట కంటే మనసు మాట ఎక్కువ వింటాయి. పలుగు పట్టబోయే ముందు కూలీ అరచేతుల్లో ఉమ్మేసి రుద్దుకోవడం చూసే ఉంటారు. కాస్త తడి ఉంటే పట్టు దొరుకుతుంది. ప్రమాదం ఎదురైనప్పుడు పరుగెత్తడానికో చెట్టెక్కడానికో పనికొచ్చేలా శరీరం ఆ తడిని తానే అందిస్తుందని ఒక ఊహ ఉంది. అబద్ధాలు పట్టే పాలీగ్రాఫ్ పరీక్షలో వేళ్లకు తీగలు తగిలించి చూసేవాటిలో ఈ తడి కూడా ఒకటి. చర్మం తడిస్తే కరెంటు తేలిగ్గా పారుతుంది.

నాలుగో చెమట ఉన్నవాళ్లలో గ్రంథుల లెక్క మామూలే, వాటి సైజూ మామూలే. వాటికి అందే కబుర్లే ఎక్కువ. కుళాయి బాగానే ఉంది, తిప్పే చెయ్యే ఊరుకోదు. చిన్న కదలికకు, చిన్న ఆలోచనకు, అసలేమీ లేకపోయినా నరం కొసన ఎసిటైల్‌కోలిన్ పడుతూనే ఉంటుంది. పిరికితనానికీ దీనికీ సంబంధం లేదు. టెన్షన్ దీన్ని పెంచుతుంది, నిజమే. కానీ ఎవరైనా చెయ్యి చాపగానే "అయ్యో తడిగా ఉందే" అని మొదట పుట్టేది చెమట వల్ల వచ్చిన టెన్షనే. ఆ టెన్షన్‌కు ఇంకాస్త చెమట. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు సాసరు మీద జారినంత పనైతే నా తల్లి దాన్ని సిగ్గు కింద జమ కట్టింది.

2004లో వెలువడిన ఒక అమెరికా సర్వే ప్రకారం నూటికి దాదాపు ముగ్గురికి ఇది ఉంది. అంటే అరవై మంది కూర్చున్న ఇంటర్ క్లాసులో ఒకరిద్దరు. నోటుబుక్కు మీద చేతికింద రుమాలు పెట్టుకుని రాసేవాళ్లను, చెప్పు విప్పితే నేల మీద అడుగు ముద్ర పడేవాళ్లను గమనిస్తే మీకే తెలుస్తుంది.

నన్ను డాక్టరు దగ్గరికి పంపింది ఒక వేలిముద్ర యంత్రం. ఒక బ్యాంకులో ఆధార్ కోసం వేలు పెడితే నాలుగుసార్లు తిప్పికొట్టింది. కౌంటర్లో కుర్రాడు, "చేతులు తుడుచుకోండి మేడం" అన్నాడు. తుడుచుకున్నాను. మళ్లీ తిప్పికొట్టింది. వెనకాల వరసలో ఎనిమిది మంది. ఆ మర్నాడే సూర్యారావుపేటలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆవిడ చేతులు చూడకముందే అడిగిన ప్రశ్న: "నిద్రలో కూడా పడుతుందామ్మా?" నాకెలా తెలుస్తుంది? పక్కనున్న మా ఆయన వైపు చూశాను. "లేదండీ, నిద్రపోయాక పొడిగానే ఉంటాయి" అన్నారాయన. ఆవిడ సగం నిశ్చింతగా తలూపింది. మిగతా ప్రశ్నలు చకచకా వచ్చాయి. ఎన్నేళ్ల నుంచి? రెండు చేతులకూ సమానంగానా? వారంలో ఒక్కసారైనా ఇబ్బంది పెట్టేంతగా వస్తుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? చిన్నతనంలోనో, 25 ఏళ్ల లోపో మొదలై, రెండు వైపులా సమంగా ఉండి, నిద్రలో ఆగిపోయి, ఆరు నెలలకు మించి సాగుతూ, కుటుంబంలో మరొకరికీ ఉంటే అది నాలుగో చెమటేనని దాదాపు తేల్చేయొచ్చట. మా నాన్న చెప్పుల్లో ఎప్పుడూ జారుతూ నడిచేవారని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత అరచేయి తుడిచి అయోడిన్ పూసి, ఆరనిచ్చి, పైన తెల్లటి పిండి చల్లింది. రెండు నిమిషాలు కాకుండానే ఆ తెలుపులో నల్లనల్లటి చుక్కలు లేచాయి. ముందు వేళ్ల కొసల దగ్గర, తర్వాత అరచేయి మధ్యన, ఆపైన ఒకదానిలోకొకటి పాకి ముదురు నీలం మరక అయిపోయాయి. తడి తగిలిన చోట పిండికీ అయోడిన్‌కీ కలిసి వచ్చే రంగది. ఒక్కో చుక్కా ఒక్కో రంధ్రం. బ్రాడీపేట వాకిట్లో బియ్యప్పిండితో ఏటా నాకు జరిగిన పరీక్షే ఇది, అయోడిన్ ఒక్కటే తక్కువైంది.

నిద్ర సంగతి ఆవిడ ముందే ఎందుకడిగిందో తర్వాత అర్థమైంది. నడివయసులో కొత్తగా మొదలైనది, ఒళ్లంతా పట్టేది, ఒక పక్కకే పట్టేది, రాత్రి పక్కబట్టలు తడిపేసేది, ఇవేవీ నాలుగో చెమట కావు. లోపల ఇంకేదో ఉండి చెమట రూపంలో బయటపడుతోందని అర్థం. సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం, రాత్రి చెమటలు కలిస్తే టీబీ పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. కొన్ని రకాల లింఫ్ గ్రంథుల క్యాన్సర్లలో కూడా ఇలాగే రాత్రి చెమటలుంటాయి. బాగా తింటున్నా చిక్కిపోతూ, గుండె దడదడలాడుతూ, చేతులు వణుకుతూ, ఫ్యాను కింద కూడా వేడి ఆగకపోతే థైరాయిడ్ ఎక్కువైందేమో చూడాలి. నలభై ఐదు దాటిన ఆడవాళ్లకు ఛాతీ నుంచి ముఖానికి ఆవిర్లు కొట్టి చెమట పట్టడం నెలసరి ఆగే కాలపు లక్షణం. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందుల వల్ల, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రల వల్ల కూడా పడుతుంది. కాబట్టి వాడే మందుల చీటీ తీసుకెళ్లండి.

రెండు సందర్భాల్లో మాత్రం ఆలోచిస్తూ కూర్చోకూడదు. షుగరు మాత్రలు వేసుకునో ఇన్సులిన్ తీసుకునో ఉపవాసం ఉన్న మనిషికి చల్లటి చెమటలు, వణుకు, ఆకలి, తికమక వచ్చాయంటే షుగరు పడిపోతోందని. మెలకువగా ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకూడదు, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రెండోది, ఏ పనీ చెయ్యకుండా చల్లటి చెమట పట్టి గుండెలో బరువు, ఆయాసం, ఎడమ చెయ్యో దవడో లాగడం. షుగరున్న వాళ్లకు నొప్పి లేకుండా చెమట, నీరసం మాత్రమే ఉండొచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగించకండి, 108కి ఫోన్ చెయ్యండి.

మిరప, పత్తి చేలకు మందు కొట్టి వచ్చిన మనిషి చెమట గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన వైపు దాన్ని ఎండదెబ్బగా పొరబడి మజ్జిగిచ్చి పడుకోబెడతారు. ఒళ్లంతా చెమట, నోట్లోంచి చొంగ, కళ్లనీళ్లు, వాంతులు, విరేచనాలు, కంటిపాప సూదిమొనంత చిన్నదై, కండలు అదురుతుంటే ఒంట్లోకి ఆర్గానోఫాస్ఫేట్ మందు ఎక్కిందని అనుమానించాలి. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్ ఈ జాతివే. ఇవి తాగితేనే ప్రమాదం అనుకోవద్దు, చర్మంలోంచి కూడా లోపలికి పోతాయి. పని అయిపోయిన ఎసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు ఊడ్చేసే ఎంజైమ్ ఒకటుంది. ఈ మందులు దాని చేతులు కట్టేస్తాయి. నరం కొసన కబురు పేరుకుపోతుంది, గ్రంథులన్నీ ఒకేసారి కారతాయి. తడిసిన బట్టలు తీసేసి, ఒళ్లు సబ్బుతో కడిగి, మందు డబ్బా వెంట పెట్టుకుని పరుగెత్తాలి. ఆస్పత్రిలో అట్రోపిన్ ఎక్కిస్తారు, ఎసిటైల్‌కోలిన్ తట్టే తలుపును అది మూసేస్తుంది. మోతాదు సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి డాక్టర్లు ఊపిరితిత్తుల్లో గురగుర, నాడి, కంటిపాపలతోపాటు ఇంకోటి కూడా చూస్తారు. చంకలో చెయ్యి పెట్టి చూస్తారు. అక్కడ పొడిగా తగలాలి.

నాలుగో చెమటకు వాడే మందులు చాలావరకు ఈ తలుపు చుట్టూనే తిరుగుతాయి. మొదటి మెట్టు మాత్రం అంత దూరం పోదు, గ్రంథి మూతిని మూస్తుంది. అల్యూమినియం క్లోరైడ్ ద్రావణం, 10 నుంచి 20 శాతం. అంగట్లో దొరికే డియోడరెంట్ వాసనను కప్పుతుందంతే. చెమటను ఆపేది యాంటీపెర్‌స్పిరెంట్, డబ్బా మీద అల్యూమినియం అనే మాట ఉందో లేదో చూసుకోండి. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటికా అల్యూమినియం లవణమే, కాకపోతే దాని పని తేలిక.

ఈ ద్రావణాన్ని అందరూ పొద్దున స్నానం చేసి రాసుకుంటారు, మండిందని మానేస్తారు. నేనూ అదే చేశాను. రాయాల్సింది రాత్రి పడుకోబోయే ముందు. నిద్రలో చెమట ఆగుతుంది కాబట్టి మందు రంధ్రంలోకి దిగి గట్టిపడే వీలుంటుంది. చర్మం మీద తడి ఉంటే నీళ్లతో కలిసి ఆమ్లం పుడుతుంది, మంట అందుకే. ఫ్యాను కింద అయిదు నిమిషాలు ఆరబెట్టి పల్చగా రాసి, పొద్దున కడిగెయ్యాలి. చంకలు గీసుకున్న రోజు జోలికి పోవద్దు. మొదట రోజూ, తగ్గాక వారానికి ఒకటి రెండు రాత్రులు. నా చంకలకు రెండు వారాల్లో గుణం కనిపించింది. అరచేతి చర్మం దళసరి, అక్కడ అంతంతమాత్రమే.

చేతులకూ కాళ్లకూ బాగా పనిచేసేది అయాంటోఫోరెసిస్. పేరే కష్టం, పని తేలిక. రెండు ట్రేలలో కుళాయి నీళ్లు, అందులో అరచేతులు, నీళ్లలోంచి 15, 20 మిల్లీయాంపుల సన్నటి కరెంటు. ఇరవై నిమిషాలు, మొదట్లో వారానికి మూడు సార్లు. చీమలు పాకినట్టుంటుంది. ఎందుకు పనిచేస్తుందో శాస్త్రానికి ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, పనిచేస్తుందన్నది మాత్రం ఖాయం. గర్భిణులు, గుండెలో పేస్‌మేకరో, కరెంటు దారిలో లోహపు రాడ్లో ఉన్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు చేయించుకోకూడదు. ఇంట్లో బ్యాటరీ, తీగలతో సొంతంగా తయారుచేసే వీడియోల జోలికి వెళ్లకండి, చర్మం కాలుతుంది.

బొటాక్స్ ఇంజెక్షన్ అంటే ముడతలకే అనుకుంటాం. అది నరం కొసన ఎసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా ఆపుతుంది. చంక చెమటకు అమెరికాలో 2004లోనే అనుమతి వచ్చింది. ఒక్కో చంకలో పది పదిహేను చోట్ల సన్నటి సూదితో ఇస్తే దాదాపు ఆరు నెలలు పొడిగా ఉంటుంది. అరచేతిలో నొప్పి ఎక్కువ, కొన్నాళ్లు పట్టు తగ్గొచ్చు. ఖర్చూ ఎక్కువే, మళ్లీ మళ్లీ పెట్టాల్సిందే.

గ్లైకోపైరోలేట్, ఆక్సీబ్యుటినిన్ మాత్రలు అట్రోపిన్‌కు తమ్ముళ్లు. తలుపును ఒళ్లంతా మూస్తాయి. నోరు ఎండిపోవడం, మలబద్ధకం, చూపు మసకబారడం, మూత్రం జారీ కాకపోవడం ఉంటాయి. కొన్ని రకాల గ్లాకోమా, ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. విజయవాడ వాళ్లకు ఇక్కడొక మెలిక ఉంది. మే నెలలో మనల్ని బతికించేది ఆ ఒళ్లంతా పట్టే చెమటే. దాన్ని మాత్రతో ఆపి మధ్యాహ్నం బండి మీద బెంజ్ సర్కిల్ దాకా వెళ్తే వడదెబ్బకు ఎదురెళ్లినట్టే. ఈ మాత్రలు వేసవిలో తగ్గించాలో మానాలో డాక్టరును అడక్కుండా మెడికల్ షాపులో తెచ్చుకోవడం పెద్ద పొరపాటు.

ఛాతీలో నరాన్ని కత్తిరించే లేదా బిగించే సర్జరీ చిట్టచివరి మాట. అరచేతులు అప్పటికప్పుడు పొడిబారతాయి, అద్భుతంలా ఉంటుంది. కానీ చేయించుకున్నవాళ్లలో చాలామందికి వీపు, పొట్ట, తొడలు ఎంతో కొంత కారడం మొదలవుతుంది. కొందరికి అది మొదటిదానికంటే భరించలేనిది. వెనక్కి తిప్పుకునే దారి దాదాపు ఉండదు. నేను ఆ మాట ఎత్తితే డాక్టరమ్మ, "రుమాలు చాలదమ్మా, టవల్ కావాలి" అంది. అంతటితో ఆ ఆలోచన వదిలేశాను.

చెమటతో ఒంట్లో విషాలు పోతాయని, ఆపితే ప్రమాదమని మా అత్తగారు అంటారు. ఆ పని కాలేయానిదీ కిడ్నీలదీ. చంకల మేర చెమట ఆగితే మిగతా ఒళ్లు చూసుకుంటుంది. ఇంకోటి, చెమట తడికి గజ్జల్లో తామర పడితే షాపువాడిచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ రాయకండి. మూడు రోజులు దురద తగ్గి, నెలలో ఒళ్లంతా పాకుతుంది. బూట్లు వేసుకునేవాళ్లు రెండు జతలు పెట్టుకుని రోజు మార్చి రోజు ఎండనివ్వాలి. తడి బూటులో అరికాలికి చిన్న చిన్న గుంటలు పడి భరించలేని వాసన వచ్చేది బ్యాక్టీరియా వల్ల, దానికి పూతమందుంది.

మా అక్క కూతురికీ ఇదే వచ్చింది. నీట్‌కు చదువుతోంది. మాక్ టెస్టులో ఓఎంఆర్ షీటు మీద చెయ్యి ఆనిన చోట కాగితం ఉబ్బి, దిద్దిన గడి చుట్టూ సిరా పాకిందని ఏడుస్తూ ఫోన్ చేసింది. "పిన్నీ, నీకూ ఇలాగే ఉండేదటగా" అంది. సూర్యారావుపేట తీసుకెళ్లాను. ఇప్పుడు డాక్టరమ్మ రాసిచ్చిన ట్రేల యంత్రం వాళ్ల డైనింగ్ టేబుల్ మీద ఉంటుంది. సోమ, బుధ, శుక్రవారాలు రాత్రి ఇరవై నిమిషాలు. రెండు చేతులూ నీళ్లలో ఉంటాయి కాబట్టి ఫోన్ ముట్టుకోవడం కుదరదు. ఎదురుగా బయాలజీ పుస్తకం పెట్టుకుంటుంది, పేజీలు తిప్పే డ్యూటీ మా అక్కది. పేజీ అయిపోయిన ప్రతిసారీ "అమ్మా" అని ఒక కేక.